ప్రీఎక్లాంప్సియాలో సీఆర్పీ, ఈఎస్ఆర్ లాంటి రక్తపరీక్షలు: గర్భిణులు, ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గర్భిణుల ఓపీలో నర్సుగా పనిచేస్తాను. ఏడో నెల, ఎనిమిదో నెలలో ఉన్నవాళ్లు రక్తపరీక్ష రిపోర్టు చేత్తో పట్టుకుని వస్తారు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందేమో చూసే సీఆర్పీ, ఈఎస్ఆర్ లాంటి పరీక్షల్లో, పక్కన ‘హెచ్’ (హై, అంటే ఎక్కువ) గుర్తు ఉన్న ఒక అంకె మీదే వేలు పెట్టి చూపిస్తారు. ఆ అంకె చుట్టూ ఎంత టెన్షన్ పడతారో, బీపీ ఎంతుందో మాత్రం చాలామంది అడగరు. నన్ను రోజూ బాధపెట్టేది అదే. అందుకే వాళ్లు అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, నాకు తెలిసినంతవరకు జవాబులు రాస్తున్నాను. మీ రిపోర్టు మీద ఆఖరి మాట మీ డాక్టరుదే.

ప్రీఎక్లాంప్సియా అంటే మన పెద్దవాళ్లు చెప్పే గుర్రపు వాతమేనా?

అదే. ఫిట్స్ వచ్చే దశను ఎక్లాంప్సియా అంటారు, దానికి ముందున్న దశ ప్రీఎక్లాంప్సియా. పెద్దవాళ్లు రెంటినీ కలిపి గుర్రపు వాతం అనేవాళ్లు. అంతకుముందు మామూలుగా ఉన్న బీపీ 20 వారాలు దాటాక 140/90కి చేరడం, నాలుగు గంటలు ఆగి మళ్లీ చూసినా అలాగే ఉండడం, దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదా కాలేయం, కిడ్నీ, ప్లేట్‌లెట్లు, మెదడు వీటిలో ఏదో ఒకటి దెబ్బతిన్న గుర్తులు కనబడడం. ఇదీ లెక్క. మూత్రంలో ప్రొటీన్ లేకపోయినా ప్రీఎక్లాంప్సియా కావచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. ప్రపంచం మొత్తం మీద నూటికి 2 నుంచి 8 మంది గర్భిణుల్లో ఇది వస్తుంది. తొలి కాన్పు, కవల పిల్లలు, ముందునుంచీ బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, లూపస్ (రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లు, పోయిన కాన్పులో వచ్చినవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఇన్‌ఫ్లమేషన్ అంటే వాపు కదా? కాళ్లకు వాపులుంటే ఇన్‌ఫ్లమేషన్ ఉన్నట్టేనా?

కాదు. ఈ తికమక మన భాషలో వచ్చిందే. పేపర్లలో ఇన్‌ఫ్లమేషన్‌ను ‘వాపు’ అని రాస్తారు, కాళ్లకు నీరు పట్టినా మనం ‘వాపు’ అనే అంటాం. రెండూ వేరు. కాళ్లలో నీరు పట్టడం చాలామంది గర్భిణుల్లో ఉంటుంది. పొద్దున లేచేసరికి తగ్గుతుంది, సాయంత్రానికి చెప్పుల పట్టీ పాదం మీద గీత పడేంతగా పెరుగుతుంది. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ మేలుకుని తెల్లకణాలను, కొన్ని రసాయనాలను రంగంలోకి దింపడం. అది కంటికి కనబడకుండా రక్తంలోనే జరగొచ్చు. అందుకే ఈ పేజీలో ‘వాపు’ అంటే నీరు పట్టిన వాపు, ‘ఇన్‌ఫ్లమేషన్’ అంటే ఇన్‌ఫ్లమేషన్. రెంటినీ కలపను.

అయితే వాపు ముఖానికి, చేతులకు వచ్చి, వారంలో బరువు ఒక్కసారిగా పెరిగి, ఉంగరం వేలికి బిగుసుకుపోతే ఆ రోజే బీపీ చూపించుకోండి.

బీపీ జబ్బుకూ ఇన్‌ఫ్లమేషన్‌కూ ఏం సంబంధం?

మొదలు మాయ దగ్గరుంటుంది. గర్భం కుదురుకునే రోజుల్లో మాయ కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్లి, అక్కడి సన్నటి మెలికల రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. పిల్ల కాలువను తవ్వి పెద్ద కాలువ చేసినట్టు. ఆ పని సగంలో ఆగిపోతే నాళాలు సన్నగానే మిగిలిపోతాయి, మాయకు రక్తం సరిగా అందదు. త్వరగా మొదలయ్యే ప్రీఎక్లాంప్సియాలో ఎక్కువగా జరిగేది ఇది. నెలలు నిండాక వచ్చేదానిలో తల్లి బరువు, బీపీ, షుగర్ లాంటివి ఎక్కువ పాత్ర వహిస్తాయి.

రక్తం అందని మాయ ఊరికే ఉండదు. తన పైపొర ముక్కలను, కొన్ని ప్రొటీన్లను తల్లి రక్తంలోకి వదులుతుంది. వాటికి తల్లి తెల్లకణాలు రేగుతాయి, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. ఆ పొర ఒళ్లంతా ఉంటుంది కదా, అందుకే ఈ జబ్బు ఒక్క చోట ఆగదు. కిడ్నీలో దెబ్బతింటే ప్రొటీన్ కారుతుంది, కాలేయంలో దెబ్బతింటే పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి వస్తుంది, మెదడులో దెబ్బతింటే తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు.

ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ రెడ్‌మన్, ఆయన సహచరులు 1999లో ఒక మాట చెప్పారు: మామూలు గర్భంలోనే తల్లి ఒంట్లో కొంత ఇన్‌ఫ్లమేషన్ ఉంటుంది, అది హద్దు దాటినప్పుడు కనబడేదే ప్రీఎక్లాంప్సియా. ఈ మాట మనసులో పెట్టుకుంటే ఇక్కడి జవాబుల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి. ఆరోగ్యంగా ఉన్న గర్భిణి రక్తంలోనూ ఈ అంకెలు పెరిగే ఉంటాయి. పెరిగినదాన్ని చూసి, అందులో ఎంత గర్భానిది, ఎంత జబ్బుది అని విడదీయడమే కష్టం.

నా సీఆర్పీ 14 వచ్చింది. ల్యాబ్ రిపోర్టులో 5 లోపు ఉండాలని ఉంది. నాకు ప్రీఎక్లాంప్సియా వచ్చినట్టేనా?

లేదు. ఆ ఒక్క అంకెతో అలా అనలేం.

సీఆర్పీని కాలేయం తయారుచేస్తుంది. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫ్లమేషన్ మొదలైతే ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం కాలేయానికి కబురు పంపుతుంది, ఆరు గంటల్లో సీఆర్పీ పెరగడం మొదలై, దాదాపు రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. కారణం తగ్గితే అంతే వేగంగా దిగుతుంది. 1930లో న్యూమోనియా రోగుల రక్తంలో మొదటిసారి దీన్ని కనిపెట్టారు. అప్పటినుంచి ఇప్పటిదాకా దీని స్వభావం ఒక్కటే: ఏదో జరుగుతోందని చెబుతుంది, ఎక్కడ, ఎందుకు అని చెప్పదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, చిగుళ్ల జబ్బు, పంటి పోటు, జలుబు, ఒళ్లు ఎక్కువగా ఉండడం, వీటిలో దేనికైనా పెరుగుతుంది. కొవ్వు కణాలు కూడా ఇంటర్‌ల్యూకిన్-6ను విడుదల చేస్తాయి కాబట్టి బరువు ఎక్కువున్నవాళ్లకు ఏ జబ్బూ లేకున్నా ఎక్కువే చూపిస్తుంది.

ప్రీఎక్లాంప్సియా ఉన్నవాళ్లందరి సగటు తీస్తే లేనివాళ్ల కన్నా సీఆర్పీ ఎక్కువగా ఉంటుంది, అది నిజమే. కానీ సగటు వేరు, మీరు వేరు. జబ్బు ఉన్నవాళ్లలో మామూలు అంకె ఉన్నవాళ్లున్నారు, ఏ జబ్బూ లేకుండా 14, 15 వచ్చినవాళ్లున్నారు. ల్యాబ్ వేసే ‘5 లోపు’ అనే హద్దు గర్భం లేనివాళ్లను చూసి పెట్టింది.

ఇంకో సంగతి, ఇది తప్పకుండా చూసుకోండి. కొన్ని ల్యాబులు లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని, కొన్ని డెసిలీటరుకు ఇన్నని రాస్తాయి. రెంటికీ పదింతల తేడా. డెసిలీటరుకు 1.4 అన్నా, లీటరుకు 14 అన్నా ఒకటే. పోయిన నెల 0.9 ఉన్నది ఈ నెల 9 అయిందని ఏడుస్తూ వచ్చిన అమ్మాయిని కూర్చోబెట్టి, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపించాను. ల్యాబ్ మారింది, అంకె మారలేదు.

ఈఎస్ఆర్ 58 ఉంది, ఏం చేయాలి?

ఏమీ చేయనక్కర్లేదు. ఈఎస్ఆర్ అంటే గొట్టంలో పోసిన రక్తంలో ఎర్రకణాలు ఎంత వేగంగా కిందికి దిగుతాయో చూసే పరీక్ష. గర్భంలో రక్తంలో ఫైబ్రినోజెన్ అనే, రక్తం గడ్డకట్టించే ప్రొటీన్ పెరుగుతుంది, దానివల్ల ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కుని గొట్టంలో త్వరగా కిందికి దిగుతాయి. రక్తహీనత ఉంటే ఇంకా త్వరగా. నిండు గర్భిణికి 50 దాటినా ఆశ్చర్యం లేదు. ప్రీఎక్లాంప్సియా విషయంలో ఈఎస్ఆర్ పనికిరాదు.

తెల్లకణాలు 14,500. న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ నిష్పత్తి ఎక్కువుంటే ప్రమాదమని విన్నాను.

గర్భంలో తెల్లకణాలు 11,000 దాటడం సహజం. ఆఖరి మూడు నెలల్లో 15,000 వరకు, నొప్పులు వచ్చేటప్పుడు 25,000 వరకు కూడా వెళ్లొచ్చు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథాసోన్ లేదా బీటామెథాసోన్ ఇంజెక్షన్లు వేస్తే రెండు మూడు రోజులు ఇంకా పెరుగుతాయి. అది ఇన్ఫెక్షన్ కాదు. ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో కేస్ షీట్‌లో చూడకుండా కౌంట్ చూసి కంగారుపడిన ఇళ్లు నాకు తెలుసు.

న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అంటే తెల్లకణాల్లో రెండు రకాలు. నిష్పత్తి లెక్క చాలా తేలిక. న్యూట్రోఫిల్స్ 78 శాతం, లింఫోసైట్స్ 16 శాతం అయితే 78ని 16తో భాగిస్తే సుమారు 4.9. మామూలు రక్తపరీక్షతోనే, వేరే ఖర్చు లేకుండా వస్తుంది కాబట్టి పరిశోధకులకు దీని మీద ఆశ ఎక్కువ. ప్రీఎక్లాంప్సియాలో సగటున ఎక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాల్లో తేలింది. కానీ మామూలు గర్భంలోనూ న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. ఇంతకు మించితే జబ్బు అని చెప్పే ఒక హద్దు కుదరలేదు. ఇంట్లో క్యాలిక్యులేటర్ పెట్టుకుని లెక్కేసి భయపడకండి.

ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ ఆల్ఫా పరీక్షలు చేయించమంటారా?

వద్దు. టీఎన్ఎఫ్ ఆల్ఫా కూడా ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి ఇన్‌ఫ్లమేషన్ రసాయనమే. ప్రీఎక్లాంప్సియాలో ఇవి పెరుగుతాయన్నది నిజం. జబ్బు ఎలా పుడుతుందో అర్థం చేసుకోవడానికి పరిశోధనలో వాడతారు. మీ వైద్యంలో ఒక్క మందు కూడా ఆ అంకెను బట్టి మారదు. ఆ డబ్బుతో ఇంట్లోకి ఒక మంచి బీపీ మిషన్ కొనుక్కోండి, మణికట్టుకు కట్టేది కాకుండా జబ్బకు కట్టేది.

మరి డాక్టర్లు ఏం చూసి నిర్ణయిస్తారు?

ముందు బీపీ. మెట్లెక్కి వచ్చిన వెంటనే కాదు, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చున్నాక, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపిస్తుంది. 160/110 వస్తే అది అత్యవసరం, వెంటనే మందు పడాలి.

తర్వాత మూత్రం. చిన్న పీహెచ్‌సీల్లో ఇప్పటికీ చేసే పాత పద్ధతి ఒకటుంది: పరీక్ష నాళికలో మూత్రం ముప్పావు వంతు పోసి, పై భాగాన్ని మాత్రమే దీపం మీద వేడి చేస్తారు. ప్రొటీన్ గానీ ఫాస్ఫేట్లు గానీ ఉంటే తెల్లగా మబ్బు పట్టినట్టు అవుతుంది. అప్పుడు రెండు మూడు చుక్కల ఎసిటిక్ ఆసిడ్ వేస్తే, ఫాస్ఫేట్ల వల్ల వచ్చిన తెలుపైతే విడిపోతుంది, ప్రొటీన్ అయితే అలాగే ఉండిపోతుంది. కింది భాగం తేటగా, పై భాగం మజ్జిగలా. మొదటిసారి చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు ఎక్కువచోట్ల స్ట్రిప్ వచ్చింది, ప్రొటీన్ ఉంటే పసుపు గడి ఆకుపచ్చగా మారుతుంది.

రక్తంలో చూసేవి ముఖ్యంగా ప్లేట్‌లెట్లు, కాలేయం ఎంజైములు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్. ప్లేట్‌లెట్లు లక్ష లోపు పడితే, ఎంజైములు మామూలుకు రెండింతలు దాటితే, క్రియాటినిన్ 1.1 దాటితే జబ్బు ముదిరిందని లెక్క. ప్లేట్‌లెట్లు పడి, కాలేయం ఎంజైములు పెరగడానికి తోడు ఎర్రకణాలు చితికిపోతుంటే హెల్ప్ సిండ్రోమ్ అంటారు, అప్పుడు కణాలు పగిలితే బయటికి వచ్చే ఎల్‌డీహెచ్ అనే ఎంజైము 600 దాటుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. రక్తం తీసేటప్పుడు సన్న సూదితో గట్టిగా లాగినా, నాళికను బాగా కుదిపినా కణాలు సీసాలోనే పగిలి ఎల్‌డీహెచ్ పెరిగినట్టు కనిపిస్తుంది. సీరం లేత పసుపుగా కాకుండా గులాబీ రంగులో ఉంటే అనుమానించాలి, మళ్లీ తీయాలి. అలాగని తీరుబడిగా మర్నాటికి వాయిదా వేయకూడదు, అప్పుడే తీయాలి.

హిమోగ్లోబిన్ గురించీ చెప్పాలి. రెండు వారాల కిందట 9.8 ఉన్నది ఇప్పుడు 12 అయిందని ఐరన్ బిళ్లలు పనిచేశాయని సంతోషిస్తారు. ప్రీఎక్లాంప్సియాలో రక్తంలోని నీరు నాళాల బయటికి జారిపోయి రక్తం చిక్కబడుతుంది, దానివల్లా హిమోగ్లోబిన్ ఎక్కువ కనిపిస్తుంది. బీపీతో కలిపి చూడాలి.

ఇక మీరు చెప్పే లక్షణాలు. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, మెరుపులు కనిపించడం, డొక్కల కింద కుడివైపు నొప్పి, ఆయాసం, మూత్రం తగ్గిపోవడం, బిడ్డ కదలికలు తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రిపోర్టుల కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయండి. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగించి పడుకోబెట్టారు ఒకావిడను. ముందురోజు చేయించిన ప్యాకేజీ పరీక్షల్లో సీఆర్పీ 4 ఉంది, ‘అంతా నార్మల్’ అని ఇంట్లో ధైర్యం చెప్పుకున్నారు. ఆ ప్యాకేజీలో బీపీ లేదు, మూత్ర పరీక్ష లేదు. మా దగ్గరికి వచ్చేసరికి బీపీ 170/114, ప్లేట్‌లెట్లు 62,000. తల్లి, బిడ్డ ఇద్దరూ బతికారు. కానీ ఆ ఒక్క ‘నార్మల్’ వల్ల పోయిన పద్నాలుగు గంటలు తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ వస్తుంది.

ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్ నిష్పత్తి అని ఒక కొత్త పరీక్ష ఉందట?

ఉంది, అది ఇన్‌ఫ్లమేషన్ పరీక్ష కాదు. మాయ ఆరోగ్యాన్ని నేరుగా చెప్పేది కాబట్టి సీఆర్పీ కన్నా ఎంతో నమ్మదగ్గది. మాయ నుంచి ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రొటీన్ ఎక్కువగా విడుదలై రక్తనాళాలకు మేలు చేసే పీఎల్‌జీఎఫ్‌ను కట్టేస్తుందని 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం చూపించింది. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, అనుమానం ఉన్న గర్భిణిలో ఈ నిష్పత్తి 38 లేదా అంతకన్నా తక్కువుంటే వచ్చే వారం రోజుల్లో ప్రీఎక్లాంప్సియా రాదని 99 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. అంటే ఇది ముఖ్యంగా ‘ఇప్పటికి లేదు’ అని చెప్పడానికి పనికొస్తుంది. 38 దాటినంతమాత్రాన తప్పక వస్తుందని కాదు. పెద్ద నగరాల్లో కొన్ని ల్యాబుల్లోనే దొరుకుతుంది, ఖరీదు ఎక్కువే. ఇది చేయించే స్తోమత లేదని బాధపడకండి. జాగ్రత్తగా చూసిన బీపీ, మూత్రం, ప్లేట్‌లెట్లు ఇప్పటికీ మన ప్రాణాలు కాపాడుతున్నాయి.

మూడో నెలలోనే సీఆర్పీ చేయిస్తే ముందుగా తెలిసిపోతుందా?

తెలియదు. తొలి నెలల్లో సీఆర్పీ ఎక్కువున్నవాళ్లకు తర్వాత ప్రీఎక్లాంప్సియా ఎక్కువగా వచ్చిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, కానీ బరువును లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్క్రీనింగ్‌లో తల్లి వివరాలు, బీపీ, స్కాన్‌లో గర్భసంచి రక్తనాళాల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్, పీఎల్‌జీఎఫ్ చూస్తారు. అందులో సీఆర్పీ లేదు.

ఇన్‌ఫ్లమేషన్ తగ్గే ఆహారం తింటే, పసుపు పాలు తాగితే రాకుండా ఉంటుందా?

పసుపు పాలు ఇష్టమైతే తాగండి, నష్టం లేదు. కానీ దానివల్ల ఇది ఆగుతుందని నమ్మి బీపీ మాత్ర మానకండి. పసుపు సారం గుళికలు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. విటమిన్ సి, ఈ పెద్ద మోతాదులో ఇస్తే మేలని ఒకప్పుడు అనుకున్నారు. బ్రిటన్‌లో జరిగి 2006లో వెలువడిన పరీక్షలో ప్రీఎక్లాంప్సియా తగ్గలేదు. ఉప్పు పూర్తిగా మానేయడం వల్ల కూడా లాభం లేదు. చప్పిడి కూడు పెట్టి గర్భిణిని ఆకలితో ఉంచకండి.

నిజంగా పనిచేసేవి రెండున్నాయి. ఒకటి, రిస్క్ ఎక్కువున్నవాళ్లకు చిన్న మోతాదు ఆస్పిరిన్. 2017లో వెలువడిన పరీక్షలో 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి, రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు 36 వారాల దాకా ఇస్తే, 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. 16 వారాల లోపే మొదలుపెడితే మంచిది. ఇది డాక్టరు రాయాల్సిన మందు, మీ అంతట మీరు కొనుక్కునేది కాదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి బిళ్లలు ‘ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తాయి కదా’ అని 20 వారాల తర్వాత వేసుకుంటే బిడ్డ కిడ్నీలకు, ఉమ్మనీటికి ముప్పు. రెండోది కాల్షియం. ప్రభుత్వ ఆస్పత్రిలో నాలుగో నెల నుంచి 500 మిల్లీగ్రాముల బిళ్లలు రోజుకు రెండు ఇస్తారు. ఐరన్ బిళ్లతో కలిపి వేసుకోకండి, రెండు గంటల తేడా ఉండాలి.

ఫెరిటిన్ బాగానే ఉంది, ఐరన్ మానేయొచ్చా?

ఫెరిటిన్ ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ప్రొటీన్, కానీ అది కూడా ఇన్‌ఫ్లమేషన్‌లో పెరిగేదే. లోపల ఐరన్ నిల్వలు అడుగంటినా, ఇన్‌ఫ్లమేషన్ వల్ల అంకె మామూలుగా కనిపించొచ్చు. తక్కువ వస్తే ఐరన్ లోపం ఖాయం, మామూలుగా వస్తే లోపం లేదని ఖాయం కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 52.2 శాతం గర్భిణులకు రక్తహీనత ఉన్నట్టు తేలింది. డాక్టరు చెప్పేదాకా మానకండి.

జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఇది డెంగీనా ప్రీఎక్లాంప్సియానా?

వానాకాలంలో ఈ ప్రశ్న మామూలే, కష్టమైనది కూడా. ప్రీఎక్లాంప్సియాలో జ్వరం ఉండదు. డెంగీలో సాధారణంగా తెల్లకణాలు తగ్గుతాయి, బీపీ పెరగదు. రెండింటిలోనూ కాలేయం ఎంజైములు పెరుగుతాయి. రెండూ ఒకేసారి ఉండొచ్చు కూడా. ఇంట్లో తేల్చుకునే విషయం కాదు, అడ్మిట్ కావాలి.

సిజేరియన్ అయిన రెండో రోజు సీఆర్పీ 95. జబ్బు తగ్గలేదా?

కోత కోసిన తర్వాత సీఆర్పీ అలా పెరగడం మామూలే. రోజురోజుకూ దిగుతోందా లేదా అన్నది చూస్తారు. దిగకుండా మళ్లీ పెరిగితే, చలిజ్వరం, కుట్ల దగ్గర ఎర్రదనం, వాసన ఉంటే ఇన్ఫెక్షన్ వెతుకుతారు.

బాలింతకు సీఆర్పీ కన్నా బీపీ ముఖ్యం. కాన్పు అయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ ఎక్కువగా పెరుగుతుంది, సరిగ్గా డిశ్చార్జ్ చేసి పుట్టింటికి తీసుకెళ్లే రోజులవి. ఫిట్స్ కాన్పు తర్వాత కూడా రావొచ్చు. ప్రీఎక్లాంప్సియా మొదటిసారి బయటపడేది కూడా కొందరిలో కాన్పు తర్వాతే, ఆరు వారాల వరకు ఆ అవకాశం ఉంది. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఆ ముప్పును సగానికి తగ్గిస్తుందని 33 దేశాల్లో పదివేల మందికి పైగా తల్లుల మీద జరిగి 2002లో వెలువడిన పరీక్ష తేల్చింది. ఆ ఇంజెక్షన్ వేస్తే ఒళ్లంతా వేడెక్కినట్టుంటుంది, కండకు వేస్తే నొప్పి గట్టిగానే ఉంటుంది. ఇంకో డోసు వద్దని బతిమాలతారు. కోర్సు పూర్తిచేయనివ్వండి.

ఇంటికి వెళ్లాక మొదటి వారం రోజూ, తర్వాత డాక్టరు చెప్పినట్టు బీపీ చూపించండి. ఏఎన్ఎం అమ్మ ఇంటికొస్తే బిడ్డ బరువుతో పాటు తల్లి బీపీ కూడా చూడమని అడగండి. మూడు నెలలకు బీపీ, మూత్రం మళ్లీ పరీక్ష చేయించి, ఆ కాగితాలన్నీ ఒక కవరులో దాచండి. మళ్లీ గర్భం వస్తే మొదటి నెలలోనే ఆ కవరు డాక్టరు చేతికి ఇవ్వాలి. ఆస్పిరిన్ మొదలుపెట్టాల్సిన సమయం దాటకముందే.